మహిళలపై హింసను ఎదుర్కొనే సంస్థలకు నిధులు: ఎవరి డబ్బు ఏ పనికి సరిపోతుంది?

గృహహింస చట్టం 2005 ప్రకారం, మొదటి విచారణ తేదీ నుంచి 60 రోజుల్లో దరఖాస్తును తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. కోర్టు వరండాలో ఒక్కసారి వాయిదా కోసం ఎదురుచూసిన వాళ్లెవరూ ఆ 60 రోజుల మాట నమ్మరు. మధ్యంతర భరణానికే నెలలు పడుతుంది, తుది ఉత్తర్వుకు ఏళ్లు పట్టడం మామూలే. ఉత్తర్వు వచ్చాక ఆ డబ్బు వసూలు కావడం ఇంకో యుద్ధం. మరి ఆమె వెంట కోర్టుకు వెళ్లే కౌన్సెలర్ జీతం? అది చాలా చోట్ల మార్చి 31తో ముగిసే గ్రాంట్ మీద ఆధారపడి ఉంటుంది.

ఈ రెండు గడువులూ కలవకపోవడమే ఈ రంగంలో అసలు సమస్య. ప్రకటన కనిపించగానే మన కళ్లు మొదట "ఎంత ఇస్తారు?" అన్న గడి మీదికి పోతాయి. గ్రాంట్ ముగిసే రోజున మన రిజిస్టర్లో ఎన్ని కేసులు నడుస్తూ ఉంటాయి, వాటిని ఎవరు చూస్తారు అన్న ప్రశ్న అంతకన్నా ముందు రావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో సొసైటీగానో ట్రస్టుగానో నమోదై, ఇద్దరు ముగ్గురు కార్యకర్తలతో కౌన్సెలింగ్, న్యాయసాయం, ఆశ్రయం వంటి పనులు చేస్తున్న చిన్న, మధ్యస్థాయి సంస్థలను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

## ముందుగా దేన్ని తూచాలి

కాలం. అవగాహన సదస్సులకు ఏడాది డబ్బు చాలు. కేసు పనికి మూడేళ్లు కావాలి. ఆశ్రయ గృహానికి మూడేళ్లు కూడా తక్కువే.

జీతాలు, అద్దె. హింసకు గురైన మహిళకు అందే సేవలో ముఖ్యభాగం మనిషే. వినే మనిషి, పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్లే మనిషి, రాత్రి పదకొండింటికి ఫోను ఎత్తే మనిషి. "పరికరాలు కొనిస్తాం, జీతాలు ఇవ్వం" అనే దాత మన పనికి కుదరడు.

డబ్బు ముందు వస్తుందా, ఖర్చు చేశాక వస్తుందా. ఖర్చు చూపించి వినియోగ ధ్రువపత్రం ఇచ్చాకే తదుపరి విడత అంటే, మధ్యలో నెలలు గడిపేంత సొమ్ము మన దగ్గర ఉండాలి. లేకపోతే అధ్యక్షురాలి బంగారం తాకట్టుకు వెళుతుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలిసిన సంగతే.

గోప్యత. దాత ఫొటోలు, పేర్లు అడుగుతారా? అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ కింద నేరం. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. గృహహింస కేసుల్లో ఇంత స్పష్టమైన నిషేధం లేకపోయినా, ఆమె ఫొటో వార్షిక నివేదికలో పడి భర్త వాట్సాప్‌కు చేరితే జరిగేదేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

నోరు. ఫలానా స్టేషన్లో ఫిర్యాదు తీసుకోలేదని బహిరంగంగా అనగలమా? డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

## ఒక్క చూపులో

| మార్గం | ముందు ఉండాల్సినవి | మామూలుగా ఎంతకాలం | జీతాలు, అద్దె | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| ప్రభుత్వ పథకాలు (మిషన్ శక్తి) | నమోదు, దర్పణ్ ఐడీ (నీతి ఆయోగ్ పోర్టల్‌లో సంస్థకు ఇచ్చే నంబరు), జిల్లా స్థాయి ఎంపిక | పథకం, ఒప్పందం నడిచినంతకాలం | ఇస్తారు, మొత్తం పథకమే నిర్ణయిస్తుంది | విడతల ఆలస్యం |
| కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) | 12ఏబీ, 80జీ (1961 ఆదాయపన్ను చట్టం కింద సంస్థకు, దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే నమోదులు), సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థల నమోదు ఫారం), మూడేళ్ల అనుభవం | ఏడాది. అడిగితే ఇంకా ఎక్కువ | బేరం మీద ఆధారపడుతుంది | కనిపించే పనులకే మొగ్గు |
| ఐరాస ట్రస్ట్ ఫండ్ | ఏళ్ల నమోదు, ఆడిట్ లెక్కలు, ఇంగ్లిషు ప్రపోజల్ | మూడేళ్లు | ఇస్తారు | పోటీ చాలా ఎక్కువ |
| విదేశీ మహిళా నిధులు | ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు | ఏడాది నుంచి కొన్నేళ్లు | ఉదారంగా ఇస్తారు | పరిపాలనా ఖర్చుపై చట్టం విధించిన 20 శాతం పరిమితి |
| స్థానిక దాతలు | 80జీ ఉంటే మంచిది | మనం నిలుపుకున్నంతకాలం | మన ఇష్టం | నెమ్మదిగా పెరుగుతుంది |

## ప్రభుత్వ పథకాలు

2022 ఏప్రిల్ 1 నుంచి మహిళల రక్షణ పథకాలన్నీ మిషన్ శక్తి గొడుగు కిందికి వచ్చాయి. అందులో రెండు భాగాలున్నాయి. "సంబల్"లో వన్ స్టాప్ సెంటర్లు, 181 హెల్ప్‌లైన్ ఉంటాయి. "సామర్థ్య"లో పాత స్వాధార్ గృహ్, ఉజ్వల పథకాలను కలిపి చేసిన శక్తి సదన్ ఆశ్రయ గృహాలు, ఉద్యోగినుల వసతికి సఖి నివాస్ ఉంటాయి. వన్ స్టాప్ సెంటర్ల పథకం 2015లో నిర్భయ నిధితో మొదలైంది. తెలంగాణలో అందరూ వాటిని సఖి కేంద్రాలనే పిలుస్తారు. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకే చోట దొరకాలన్నది ఉద్దేశం.

మంచి ఏమిటంటే, కేసు ఎంతకాలం నడిచినా కేంద్రం తలుపు తెరిచే ఉంటుంది. ప్రభుత్వ ముద్ర ఉన్న కేంద్రం నుంచి ఫోను వెళితే స్టేషన్లో ఎస్సై కూడా కాస్త తొందరగా స్పందిస్తారు. ఆసుపత్రిలో, న్యాయసేవాధికార సంస్థలో పని సులువవుతుంది.

చెడు ఏమిటంటే, ఎన్ని పోస్టులో, ఏ పోస్టుకు ఎంత జీతమో పథకమే నిర్ణయిస్తుంది. అనుభవమున్న కౌన్సెలర్‌ను ఆ జీతానికి ఎక్కువ కాలం ఉంచుకోవడం కష్టం. విడుదలలు ఆలస్యమై సిబ్బంది నెలల తరబడి జీతాల్లేకుండా పనిచేసిన వార్తలు చాలా రాష్ట్రాల నుంచి వచ్చాయి. నా లెక్క ఇదీ: కనీసం ఆరు నెలల జీతాలు పక్కన లేని సంస్థ పథకం నడిపే బాధ్యత తీసుకోకూడదు. ఉన్న సంస్థకు మాత్రం ఆశ్రయం విషయంలో దీన్ని మించిన మార్గం లేదు.

నోటి విషయం కూడా చెప్పుకోవాలి. జిల్లా యంత్రాంగం ఎంపిక చేసిన సంస్థ అదే యంత్రాంగాన్ని వీధిలో నిలదీయడం ఆచరణలో అరుదు. సమీక్షా సమావేశంలో గట్టిగా అడగవచ్చు, పత్రికా సమావేశం పెట్టడం వేరే సంగతి.

చిన్న పనులకు జాతీయ మహిళా కమిషన్ సదస్సులకు, న్యాయ అవగాహన శిబిరాలకు సాయం చేస్తుంటుంది. గృహహింస చట్టంలోని 10వ సెక్షన్ కింద సంస్థ "సర్వీస్ ప్రొవైడర్"గా నమోదు కావచ్చు. దానివల్ల దానంతటదే డబ్బు రాదు. కానీ గృహహింస ఘటన నివేదిక నమోదు చేసి మేజిస్ట్రేటుకు పంపే అధికారం వస్తుంది, దాతల ముందు విలువ పెరుగుతుంది. దరఖాస్తు పెట్టని సంస్థలు ఇన్ని ఎందుకున్నాయో నాకు అర్థం కాదు.

## కంపెనీల సీఎస్‌ఆర్

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల నికర విలువ లేదా 1,000 కోట్ల టర్నోవర్ లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏ పనులకు ఖర్చు పెట్టవచ్చో చెప్పే ఆ చట్టం ఏడవ షెడ్యూలులో లింగ సమానత్వం, మహిళా సాధికారత, మహిళలకు వసతి గృహాలు స్పష్టంగానే ఉన్నాయి. కాబట్టి "గృహహింస మా పాలసీలో లేదండీ" అని సీఎస్‌ఆర్ మేనేజరు అంటే, చట్టం అడ్డుకాదని చెప్పవచ్చు.

అసలు అడ్డు వేరే ఉంది. కంపెనీకి ఫొటో కావాలి. కుట్టు మిషన్ల పంపిణీ ఫొటోలో బాగుంటుంది. మూసిన గది తలుపు వెనుక రెండు గంటలు సాగే కౌన్సెలింగ్‌కు ఫొటో ఉండదు, ఉండకూడదు. అందుకే మన ప్రపోజల్ మెల్లగా కుట్టు శిక్షణ వైపు జరుగుతుంది, రెండేళ్లకు మన సంస్థ టైలరింగ్ కేంద్రమైపోతుంది. ఉపాధి అక్కర్లేదని కాదు. భర్త ఇంటినుంచి బయటికి వచ్చిన మనిషికి సంపాదన ప్రాణవాయువే. కానీ దాన్ని కౌన్సెలింగ్‌కు తోడుగా బడ్జెట్లో పెట్టాలి గానీ దాని చోట్లో పెట్టకూడదు.

బేరంలో పనికివచ్చే రెండు నిబంధనలు ఉన్నాయి. మొదటిది, "ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు". మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడిచే ప్రాజెక్టును బోర్డు ఆమోదించవచ్చు. అలా ఆమోదిస్తే మార్చి 31 నాటికి మిగిలిన డబ్బు ప్రత్యేక ఖాతాలోకి వెళ్లి మన పనికే నిలుస్తుంది. ఏడాది గ్రాంట్‌ను మూడు నాలుగేళ్లకు సాగదీయడానికి ఇదే దారి. అడగందే ఎవరూ ఇవ్వరు. రెండోది, పరిపాలనా ఖర్చులకు ఉన్న 5 శాతం పరిమితి. అది కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం మీద పెట్టే ఖర్చుకు సంబంధించినది. అమలు చేసే సంస్థ అద్దె, అకౌంటెంటు జీతం మీద చట్టం పెట్టిన పరిమితి కాదు. చాలామంది మేనేజర్లు ఆ అంకెను మన మీద రుద్దుతారు. మర్యాదగానే సరిదిద్దవచ్చు.

ఇంకొకటి: తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం కంపెనీలకు చెబుతుంది. హైదరాబాద్ చుట్టూ, విశాఖ, శ్రీసిటీ పరిసరాల్లో ఉన్న సంస్థలకు ఇది వరం. పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో పనిచేసేవాళ్లకు అడిగే తలుపులే తక్కువ.

## ఐక్యరాజ్య సమితి ట్రస్ట్ ఫండ్

మహిళలపై హింస నిర్మూలన కోసమే ఉన్న ఈ నిధిని ఐరాస సర్వసభ్య సమావేశం తీర్మానంతో 1996లో ఏర్పాటు చేశారు. యూఎన్ ఉమెన్ నిర్వహిస్తుంది. కొన్ని ప్రకటనల్లో గ్రాంట్లు 50 వేల డాలర్ల నుంచి 10 లక్షల డాలర్ల దాకా, మూడేళ్ల కాలానికి ఉన్నాయి. చిన్న సంస్థలకు వేరే శ్రేణి ఉంది. మహిళలు నడిపే, మహిళా హక్కుల కోసమే పనిచేసే సంస్థలకు ప్రాధాన్యం. బ్రేక్‌త్రూ సంస్థ 2008లో మొదలుపెట్టిన "బెల్ బజావో" ప్రచారం వెనుక ఈ నిధి సాయం ఉంది. పక్కింట్లో దెబ్బల చప్పుడు వినిపిస్తే వెళ్లి కాలింగ్ బెల్ కొట్టమన్న ఆ ప్రకటనలు టీవీలో చూసినవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటాయి.

కాలం, జీతాలు, గోప్యత, ఈ మూడింటిలోనూ మిగతావాటికన్నా ఇది మెరుగు. బాధితుల భద్రత గురించి వాళ్లే ముందు అడుగుతారు. కార్యకర్తల మానసిక ఆరోగ్యానికి కూడా కొంత మొత్తం అడగనిస్తారు. పదేళ్లుగా ఇతరుల ఏడుపు వింటున్న కౌన్సెలర్‌కు అది విలాసం కాదు.

ఒక న్యాయపరమైన సౌలభ్యం కూడా ఉంది. విదేశీ విరాళాల చట్టం చెప్పే "విదేశీ మూలం" నిర్వచనంలోకి ఐక్యరాజ్య సమితి, దాని ప్రత్యేక సంస్థలు రావు. అదే డబ్బు మధ్యలో ఏదో అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ చేతిమీదుగా వస్తే మాత్రం లెక్క మారిపోతుంది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆడిటర్‌కు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

మరి అందరూ ఎందుకు వెళ్లరు? దరఖాస్తులు ప్రపంచం నలుమూలల నుంచి వెయ్యికి పైగా వస్తాయి, ఎంపికయ్యేవి పదుల్లో ఉంటాయి. ప్రపోజల్ ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో ఒకదానిలో ఉండాలి. తెలుగులో అద్భుతంగా పనిచేసే మండల స్థాయి సంఘం అక్కడే ఆగిపోతుంది. పైగా చేతిలోకి రాని గ్రాంట్ కోసం ముఖ్య కార్యకర్త వారాలపాటు కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆ వారాల్లో వాయిదాలకు వెళ్లేవాళ్లు ఉండరు. సొంత ఇంగ్లిషు రచన, మూడు నాలుగేళ్ల శుభ్రమైన ఆడిట్ లెక్కలు ఉన్న సంస్థ ప్రయత్నించాలి. మిగతావాళ్లు ఇంకా రెండేళ్లు ఆగాలి.

## విదేశీ మహిళా నిధులు, ఎఫ్‌సీఆర్‌ఏ

నెదర్లాండ్స్‌లోని మామా క్యాష్, అమెరికాలోని గ్లోబల్ ఫండ్ ఫర్ విమెన్, మన ఉపఖండం నుంచే మొదలైన విమెన్స్ ఫండ్ ఏషియా వంటివి ఈ కోవలోకి వస్తాయి. స్వభావంలో మనకు అన్నిటికన్నా దగ్గరి దాతలు వీళ్లే. "మీ సంస్థ నిలబడటానికే ఖర్చు పెట్టుకోండి" అనే మాట వీళ్ల నోటే వింటాం.

అయితే డబ్బు మన చేతికి రావడానికి చట్టం దాటాలి. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుకు సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాలపై కనీసం 15 లక్షల ఖర్చు ఉండాలి. నమోదు ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2020 సవరణతో మూడు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. విదేశీ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే మొదట పడాలి. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషేధం.

చిన్న సంస్థల నడుం విరిచింది ఆ మూడోదే. అంతకుముందు హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ గ్రాంట్ తెచ్చి, జిల్లాల్లో ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న చిన్న సంఘాలకు కొంత పంచేది. లెక్కలు, ఇంగ్లిషు నివేదికలు పెద్ద సంస్థ చూసుకునేది, ఊళ్లో పని సంఘం చేసేది. ఆ దారి మూసుకుపోయింది.

20 శాతాన్ని లెక్కగా చూడండి. ఏడాదికి 10 లక్షలు వస్తే పరిపాలనకు 2 లక్షలు. నిబంధనల ప్రకారం కార్యాలయ అద్దె, కరెంటు, ఫోను, అకౌంటింగ్, నివేదికల తయారీ, న్యాయ, వృత్తిపరమైన ఫీజులు, అన్నీ ఆ 2 లక్షల్లోనే సర్దాలి. "న్యాయ ఫీజులు" అన్న మాట దగ్గర జాగ్రత్త. సంస్థ సొంత వ్యవహారాలకు లాయరుకు ఇచ్చేది పరిపాలన. బాధితురాలి తరఫున వాదించే లాయరుకు ఇచ్చేది కార్యక్రమం. ఓచరు మీద కేసు నంబరు రాసి, రెండింటినీ వేర్వేరు ఖాతా పద్దుల్లో చూపకపోతే ఆడిట్లో కలిసిపోతాయి.

నమోదు శాశ్వతం కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆక్స్‌ఫామ్ ఇండియా అంతటి సంస్థకే 2021 చివర పునరుద్ధరణ దొరకలేదు. పైగా దాతల దేశాల్లో రాజకీయాలు మారితే కుళాయి కట్టేస్తారు: 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ఒక్క ఉత్తర్వుతో ఆ దేశ విదేశీ సాయం నిలిచిపోయింది. బడ్జెట్లో సగానికి మించి విదేశీ డబ్బు ఉండటం నా దృష్టిలో ప్రమాదం.

## స్థానిక దాతలు, ప్రవాసులు

నెలకు 500 ఇచ్చే 100 మంది ఉంటే నెలకు 50 వేలు. పట్టణంలో రెండు గదుల అద్దె, ఒక కౌన్సెలర్ జీతం, కోర్టుకు ఆటో ఛార్జీలు, జిరాక్సులు గడుస్తాయి. ఏ దాతా అడగని జిరాక్సుల మీదే మన డబ్బు ఎంత పోతుందో తెలిసినవాళ్లకే తెలుసు. ఈ 50 వేలకు షరతుల్లేవు, గడువు లేదు, నోటికి తాళం లేదు. అందుకే కేసు పనికి పునాదిగా ఈ డబ్బునే పెట్టుకోమంటాను, ఎంత నెమ్మదిగా వచ్చినా.

80జీ ఉంటే దాతకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అది వర్తించదు కాబట్టి, ఆ ఒక్క ఆకర్షణ మీదే ప్రచారం చేయకండి. 2 వేలు దాటిన నగదు విరాళానికీ మినహాయింపు లేదు. పేరు చెప్పని విరాళాలు పరిమితి దాటితే సంస్థ మీద 30 శాతం పన్ను పడుతుంది, కనుక హుండీ పద్ధతి వద్దు.

మన వాళ్లలో ఎక్కువమంది పొరబడేది ప్రవాసుల దగ్గర. అమెరికాలో ఉద్యోగం చేస్తున్నా భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అక్కడ నమోదైన తెలుగు సంఘం ఇచ్చేదీ అంతే. "మా మేనమామేనండీ" అన్న జవాబు చట్టం ముందు నిలవదు. రసీదుతో పాటు పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

## మీరు ఎవరన్న దాన్ని బట్టి

నమోదు కాని మండల స్థాయి బృందం. గ్రాంట్ల గురించి ఇప్పుడే ఆలోచించకండి. 2001 సొసైటీల చట్టం కింద నమోదు, పాన్, బ్యాంకు ఖాతా, ఆపైన 12ఏబీ, 80జీ, దర్పణ్ ఐడీ, ఈ వరుసలో వెళ్లండి. ఈలోగా స్థానిక దాతలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత న్యాయసాయం చాలు. ఆ సాయం మీ చేతికి డబ్బుగా రాదు గానీ, లాయరు ఫీజు మిగులుతుంది.

మూడు నుంచి ఐదేళ్ల పట్టణ సంస్థ. కౌన్సెలర్ జీతం స్థానిక డబ్బుతో, ఉపాధి శిక్షణ సీఎస్‌ఆర్‌తో. ఎఫ్‌సీఆర్‌ఏ అర్హత వచ్చిందని వెంటనే పరుగెత్తకండి. ఏటా డిసెంబరు 31లోగా వార్షిక లెక్కలు దాఖలు చేయగల అకౌంటెంటు దొరికాకే వెళ్లండి.

ఆశ్రయ గృహం పెట్టాలనుకునేవాళ్లు. ఏడాది డబ్బుతో పెట్టకండి. ఎంత పెద్ద మొత్తమైనా వద్దు. ఇరవై మంది మహిళలను, వాళ్ల పిల్లలను మార్చి నెలాఖరున ఎక్కడికి పంపుతారు? శక్తి సదన్ ఒప్పందం ఉండి, పక్కన ఆరు నెలల సొంత నిల్వ ఉంటేనే దిగండి.

వ్యవస్థను నిలదీసే సంస్థ. పోలీసు నిర్లక్ష్యం మీద నిజనిర్ధారణలు, విధానాల మీద పోరాటం మీ పనైతే ప్రభుత్వ పథకం మీకు సరిపడదు, సీఎస్‌ఆర్ దాదాపుగా రాదు. మీకు మిగిలేవి సభ్యుల చందాలు, స్థానిక దాతలు, కొంతవరకు మహిళా నిధులు.

## సంతకానికి ముందు

కొన్ని గ్రాంట్లను వద్దనాలి. ఎన్ని జంటలను "కలిపారు" అన్నది విజయానికి కొలతగా పెట్టే దాత అందులో మొదటివాడు. ఆ గడి నింపాల్సి వచ్చినప్పుడు కౌన్సెలర్ తెలియకుండానే రాజీ వైపు నెడుతుంది. దెబ్బలు తిన్న మనిషిని తిరిగి అదే ఇంటికి పంపి లెక్క చూపాల్సి వస్తుంది. దాని బదులు ఎంతమందికి రక్షణ ఉత్తర్వు వచ్చింది, ఎంతమందికి మధ్యంతర భరణం మొదలైంది, ఆరు నెలల తర్వాత ఎంతమంది సురక్షితంగా ఉన్నామన్నారు అన్న కొలతలు మీరే రాసి ఇవ్వండి. చాలామంది దాతలకు ఈ రంగం తెలియకే పాత గడి పెడతారు, వివరిస్తే మారుస్తారు. మార్చనంటే లేచి వచ్చేయండి.

ఒప్పందంలో రెండు వాక్యాలు చేర్చమని అడగండి. ఒకటి, బాధితుల పేర్లు, ఫొటోలు, చిరునామాలు దాతకు గానీ వాళ్ల మూల్యాంకన బృందానికి గానీ ఇవ్వబోమని, కేసు కోడ్ నంబర్లతోనే నివేదిస్తామని. రెండు, ప్రాజెక్టు ముగిశాక నడుస్తున్న కేసుల కోసం ఒక కౌన్సెలర్‌కు ఆరు నెలల జీతం, ప్రయాణ ఖర్చు ముగింపు పద్దుగా బడ్జెట్లో ఉంటుందని. రెండోదానికి మొదట అందరూ కాదంటారు. నడుస్తున్న కేసుల జాబితాను వాయిదా తేదీలతో, పేర్లు లేకుండా ముందు పెట్టి మళ్లీ అడగండి.